ఎదుగుచున్న ఆడపిల్లలు: శరీరభారము, నెలసరి



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మన రచ్చబండల మీద సాధారణముగా వినబడునది కాదు. ఎదుగుచున్న ఆడపిల్లల శరీరభారమునకును, వారి నెలసరికిని గల సంబంధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. అరువదియేండ్లు దాటిన బడిపంతులు, అందును పురుషుడు, ఈ సంగతి యెత్తుట యేమని కొందరు శంకింపవచ్చును. ఇది ఆడవారు లోపలి గదిలో మాటలాడుకొనవలసినది కాదా యని మరికొందరు అడుగవచ్చును. దానికి నా సమాధానమిది. పిల్ల కంచములో నేమి పడవలెనో, ఆమె యే యూరి కళాశాలకు పోవలెనో, వైద్యునికొరకు పెట్టెలోని రొక్కము తీయవలెనో మానవలెనో, పెండ్లి యెప్పుడు చేయవలెనో నిర్ణయించువారము మనమే. నిర్ణయము మనదైనప్పుడు, దానికి కావలసిన తెలివిడి మాత్రము మనకు వలదనుట న్యాయము కాదు.

మన పూర్వవైద్యులు ఈ సంగతి చెప్పుటకు సిగ్గుపడలేదు. స్త్రీల రజస్సు అన్నరసము నుండియే కలుగుననియు, పండ్రెండేండ్ల పిమ్మట మొదలై యేబదియేండ్లకు క్షీణించుననియు సుశ్రుతుడు చెప్పెను. చరకుడు సూత్రస్థానములో ఎనిమిది విధముల నింద్యదేహములను లెక్కించి, వానిలో అతిస్థూలమును, అతికృశమును ప్రత్యేకముగా తీసికొని విచారించెను. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో నేటి నా ప్రసంగసారము దొరకును. నెలసరి తిన్న తిండిని బట్టి నడచునది. దేహము మితిమీరి చిక్కినను, మితిమీరి బలిసినను ఆ నడక తప్పును.

నేటి శాస్త్రము దీనిని మరికొంత లోతుగా వివరించుచున్నది. మన డెల్టా రైతులకు బోధపడునట్లు చెప్పెదను. కాల్వ నిండ నీరున్నంతమాత్రమున పొలమునకు నీరు రాదు గదా. లాకుల కడ లస్కరు తలుపు లేపవలెను. కాల్వలో నీటిమట్టమెంత యున్నదో చూచుకొని యతడు తలుపు లేపును. మన తలలో హైపోథాలమస్ అను చిన్న భాగమొకటి అట్టి లస్కరు పని చేయును. శరీరములో కొవ్వు నిలువ యెంత యున్నదో, దినదినము తిండి యెంత పడుచున్నదో, పని యెంత జరుగుచున్నదో కనిపెట్టుచుండును. ఈ దేహము రేపు బిడ్డను మోయగలదని తోచినప్పుడు అండకోశములకు ఆజ్ఞ పంపును. ఆ ఆజ్ఞ క్రమముగా నడచినప్పుడు నెలసరి క్రమముగా వచ్చును. నిలువ చాలదని తోచినప్పుడు తలుపు మూయును.

ఇది వట్టి ఉపమానము కాదు. 1970వ దశకములో అమెరికాలో రోజ్ ఫ్రిష్ అను విదుషి, బాలికలు రజస్వలలగుటకు శరీరములో కొంత కొవ్వు చేరియుండవలెనని వాదించెను. ఒకే తూకము అందరికిని వర్తింపదని తరువాతివారు దిద్దిరి గాని, తిండినిలువకును నెలసరికిని సంబంధమున్నదను మూలవిషయము నిలిచినది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞుని బృందము, కొవ్వుకణముల నుండి పుట్టి మెదడునకు నిలువ సంగతి తెలుపు లెప్టిన్ అను పదార్థమును కనుగొనెను. అనగా లస్కరునకు నీటిమట్టము తెలుపు కొలబద్ద యేదో తెలిసినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1944-45 శీతకాలములో హాలెండు దేశమున ఘోరమైన కరవు సంభవించెను. అప్పుడు ఆ దేశపు నగరములలో పెక్కుమంది స్త్రీలకు నెలసరి నిలిచిపోయెను. తిండి దొరకిన పిదప తిరిగి వచ్చెను. వారికి పట్టినది గాలియు కాదు, ధూళియు కాదు, ఆకలి.

కాల్వ యెండిననే కాదు, గండిపడి పొలము మునిగినను పంట పోవును. మురుగుకాల్వ పూడినప్పుడు, నిలిచిన నీటిలో వరి యెట్లు కుళ్లునో మన రేపల్లె ప్రాంతపు పల్లపుభూముల రైతులకు నేను చెప్పనక్కరలేదు. అట్లే శరీరభారము మితిమీరినప్పుడు గూడ నెలసరి క్రమము చెడును. అనావృష్టి యొకటి, అతివృష్టి యొకటి. ఈ రెండును నేడు మన యూళ్లలో ఒక వీధిలోనే, ఒక్కొక్కప్పుడు ఒక యింటిలోనే కనబడుచున్నవి.

దోషమును గుర్తించుటకు ముందు క్రమమేదో తెలిసియుండవలెను. మన దేశములో బాలికలు సాధారణముగా 13 ఏండ్లకు కొంచెము అటునిటుగా రజస్వలలగుదురు. 15 ఏండ్లు నిండినను కానిచో వైద్యునికి చూపవలెను. 13 ఏండ్లు దాటినను వక్షోజముల యెదుగుదల మొదలుగాని పిల్లను అంతకు ముందే చూపవలెను. మొదటి రెండు మూడేండ్లు నెలసరి కచ్చితముగా రాకపోవుట పెక్కుమందిలో సహజమే. క్రొత్తగా త్రవ్విన బోదెలో నీరు కుదురుటకు కొంతకాలము పట్టును గదా. ఆ వయస్సులో 21 దినములు మొదలు 45 దినముల లోపున నెప్పుడు వచ్చినను దిగులుపడనక్కరలేదు. రక్తస్రావము ఏడు దినములకు మించరాదు. రజస్వలయై యేడాది దాటిన పిల్లకు ఒక్కమారైనను 90 దినములు గడచినను రానిచో, వచ్చినప్పుడు గంటకో రెండు గంటలకో గుడ్డ మార్చవలసి వచ్చుచున్నచో, నొప్పిచేత నెలనెలయు బడి మానుచున్నచో, అది వైద్యునికి చెప్పవలసిన సంగతి. ఈ నాలుగు లెక్కలు జ్ఞాపకముంచుకొనుట పంచాంగములో తిథి చూచుకొనుటకంటె కష్టము కాదు.

ఇక అనావృష్టి సంగతి. నేను పాఠశాలలో పనిచేసిన దినములలో ఉదయప్రార్థన వేళ కన్నులు తిరిగి పడిపోవు ఆడపిల్లలు ప్రతియేడును ఇద్దరు ముగ్గురుండెడివారు. బాపట్ల ప్రాంతపు పల్లె నుండి సైకిలు మీద వచ్చు పదవతరగతి పిల్ల యొకతె నాకు బాగుగా జ్ఞాపకమున్నది. చదువులో ముందుండెడిది. రెండు వారములలో మూడుమార్లు పడిపోగా తల్లిని పిలిపించితిమి. విచారింపగా తెలిసినదేమన, ఆ పిల్ల ఉదయమున టీ మాత్రము త్రాగి వచ్చును. సాయంకాలమున ఇల్లు చేరి తమ్ముడు తినగా మిగిలిన కూరతో ఇంత అన్నము తినును. అయిదు నెలలుగా బయట చేరలేదు. తల్లి యా సంగతి యెవరికిని చెప్పలేదు. తూచి చూడగా ఆమె బరువు 34 కిలోలు. ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్ష చేసిరి. రక్తహీనత తీవ్రముగా నున్నదనిరి. మందులకంటె ముఖ్యముగా రెండు పూటల తిండిని మూడు పూటలు చేయుమనిరి. ఎనిమిది నెలలకు ఆమె బరువు 6 కిలోలు పెరిగినది, నెలసరి తిరిగి వచ్చినది. ఆ యింట తిండి లేక కాదు. కోళ్లున్నవి, గేదె యున్నది. గ్రుడ్లు సంతకు, పాలు కేంద్రమునకు పోవుచుండెను.

చిక్కిన పిల్లకు నెలసరి నిలిచినప్పుడు, ‘పోనీ, పీడ వదిలినది, మూలకూర్చుండు పనిలేదు’ అని తేలికగా తీసికొను ఇండ్లు కలవు. అది పొరపాటు. నెలసరిని నడుపు ఈస్ట్రొజెన్ అను రసమే యెముకలను గట్టిపరచును. జీవితమంతయు మోయవలసిన యెముకబలములో అధికభాగము ఇరువదియేండ్ల లోపుననే కూడును. ఆ కాలమున నెలలతరబడి నెలసరి నిలిచినచో యెముకలలో చేరవలసిన సున్నము చేరదు. ఆ లోటు ఏబదియేండ్లకు నడుమునొప్పిగను, జారిపడిన నాడు తుంటియెముక విరుగుటగను బయటపడును. పదునేడేండ్లనాటి అప్పు వృద్ధాప్యమున వడ్డీతో తీర్చవలసివచ్చును.

రక్తహీనత మరియొక సంగతి. మన వైద్యగ్రంథములు పాండురోగమన్నది దాదాపుగా ఇదియే. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 19 ఏండ్ల ఆడపిల్లలలో నూటికి సుమారు 60 మందికి రక్తహీనత యున్నదని తేలెను. నూటికి అరువది! ఇది బక్కపిల్లలకు మాత్రమే గలదనుకొనరాదు. బొద్దుగా, నిండుగా కనబడు పిల్లకును రక్తము తక్కువగా నుండవచ్చును. అన్నము, తీపి, నూనె మెండుగా తినినను వానిలో ఇనుము తక్కువ. ప్రతినెలయు కొంత రక్తము పోవుచుండ, పోయినదానిని పూడ్చు తిండి పడనిచో బండి యెంతదూరము పోవును?

అతివృష్టి సంగతికి వత్తము. తెనాలిలో నా పరిచితులైన యొక వర్తకుని కుమార్తె ఇంటర్మీడియటు చదువునకై దూరపు వసతికళాశాలలో చేరెను. తెల్లవారుజామున లేచినది మొదలు రాత్రి పదిగంటల వరకు బల్లముందు కూర్చుండుటయే. ఆటస్థలము లేదు, నడక లేదు, నిద్ర చాలదు. ఇంటివారు ప్రేమకొలది వారమువారము డబ్బాలతో జంతికలు, మిఠాయి, బిస్కట్లు పంపిరి. రెండేండ్లలో 14 కిలోలు పెరిగినది. నెలసరి మూడునెలలకొకమారు, నాలుగునెలలకొకమారు రాసాగినది. గడ్డము మీద రోమములు, ముఖమున మొటిమలు లేచినవి. మెడవెనుక నల్లని చార యేర్పడినది. తల్లి దానిని మురికి యనుకొని సున్నిపిండితో రుద్దెడిది. అది రుద్దిన పోవునది కాదు. శరీరములో ఇన్సులిన్ సరిగా పనిచేయుట లేదనుటకు అది చిహ్నము.

ఈ స్థితిని వైద్యులు పీ.సీ.ఓ.ఎస్. అందురు. 1935లో షికాగో నగరమున స్టీన్, లెవెంతాల్ అను వైద్యులిద్దరు దీనిని మొదట విశదముగా వర్ణించిరి. చెడిన క్రమమిట్టిది. భారము పెరిగినకొలది శరీరము ఇన్సులిన్‌కు లొంగదు; లొంగనికొలది అది మరింత ఊరును; అధికమైన ఇన్సులిన్ అండకోశములను రెచ్చగొట్టి, పురుషులలో మెండుగా నుండు రసములను ఎక్కువగా పుట్టించును; అందుచే అండము పక్వమై విడుదల కాదు, నెలసరి తప్పును. ఇది పట్టణపు ధనికుల జబ్బు అనుకొనరాదు. మన అనంతపురమున నొక వసతికళాశాలలో 15 మొదలు 18 ఏండ్ల ప్రాయముగల 460 మంది విద్యార్థినులను పరీక్షించి 2011లో ప్రకటించిన పరిశోధనలో నూటికి 9 మందికి పైగా ఈ లక్షణములు కనబడెను.

ఇచ్చట రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. మొదటిది, ఈ జబ్బు సన్నని పిల్లలకును రావచ్చును. నెలసరి తప్పుటకు థైరాయిడు లోపము, క్షయ మొదలగు ఇతర కారణములును ఉండవచ్చును. కావున తూకము చూచి మనమే తీర్పు చెప్పరాదు. రెండవది, స్కానింగులో ‘నీటిబుడగలు కనబడినవి’ అన్నంతమాత్రమున పిల్ల రోగిష్ఠి కాదు. ఆ వయస్సులో అండకోశములు ఆరోగ్యవతులకును అట్లే కనబడవచ్చును. అందుచే రజస్వలయైన యెనిమిదేండ్ల వరకు కేవలము స్కానింగును బట్టి ఈ రోగమును నిర్ణయింపరాదని 2018 నాటి అంతర్జాతీయ వైద్యనిబంధనలు చెప్పినవి. ఒక కాగితము చూచి హడలిపోయి, పిల్లకు బిడ్డలు పుట్టరని నిశ్చయించుకొని, ఇంటిల్లిపాది యేడ్చుట తగదు. ఈ స్థితిగల స్త్రీలలో పెక్కుమంది తల్లులగుచున్నారు.

చికిత్సలో మొదటి మెట్టు మన చేతిలోనిదే. భారము మితిమీరినవారిలో నూటికి 5 మొదలు 10 పాళ్లు తగ్గినను పెక్కుమందికి నెలసరి తిరిగి కుదుటపడుచున్నది. అనగా 70 కిలోలున్న పిల్ల నాలుగైదు కిలోలు తగ్గినను ఫలము కనబడవచ్చును. అయితే ఎదుగుచున్న పిల్లను పస్తులుంచి తగ్గించుట మహాపాపము. ఉపవాసము చేయించినచో అతివృష్టి పోయి అనావృష్టి వచ్చును. తలుపు మరల మూతపడును. పొడుగు పెరుగుచున్న పిల్లకు భారము పెరుగకుండ నిలిపినను చాలును. ఇట్లనుచుండగనే చరవాణిలో బొమ్మలు చూచి, సన్నబడవలెనని తమంత తామే అన్నము మానుచున్న పిల్లలును మన యూళ్లలో బయలుదేరిరి. వారిమీద గూడ పెద్దల కన్ను ఉండవలెను.

ఇప్పుడు నా మనస్సును మిక్కిలి బాధించు విషయమునకు వచ్చుచున్నాను. నెలసరి తప్పిన పిల్లకు మన పెద్దలు చెప్పు మందు పెండ్లి. ‘పెండ్లయిన అదియే సర్దుకొనును’ అందురు. రేపల్లె సమీపమున నొక రైతుకుటుంబము నేనెరుగుదును. వారి మనుమరాలికి 16 ఏండ్లు. భారము ఎక్కువ, నెలసరి రెండుమూడు నెలలకొకమారు. సంబంధము చూచిరి. కట్నము మాటలు గూడ అయినవి. ముహూర్తము పెట్టుకొందమని నలుగురు చేరినప్పుడు నేను నచ్చటనే యుంటిని. అప్పుడు నాయనమ్మ, చదువురాని వృద్ధురాలు, లోపలి నుండి వచ్చి గుమ్మము కడ నిలిచి కుమారునితో నిట్లనెను: ‘ఒరే, పొలానికి నీళ్లెక్కకపోతే కాలవ చూసుకుంటామా, పొలం అమ్ముకుంటామా?’ ఆ మాటకు ఎవరును బదులాడలేకపోయిరి. మరునాడు పిల్లను తెనాలికి తీసికొనిపోయి వైద్యురాలికి చూపిరి. థైరాయిడు లోపమున్నదని తేలినది. దానికి మాత్ర యిచ్చి, తిండిలోను నడకలోను మార్పులు చెప్పిరి. యేడాదిన్నరకు నెలసరి ముప్పదియైదు నలుబది దినములకు వచ్చుట కుదిరినది. ఆమె నేడు డిగ్రీ చదువుచున్నది. నాడు పెండ్లి చేసియుండినచో, జబ్బు అట్లే యుండును; రెండేండ్లకు ‘గొడ్రాలు’ అను నిందయు దానికి తోడగును.

బాల్యవివాహమును గూర్చి చట్టమేమి, శాస్త్రమేమి చెప్పుచున్నవో మనమెరుగనిది కాదు. 1929 నాటి శారదాచట్టము బాలికలకు 14 ఏండ్లు కనీసవయస్సుగా నిర్ణయించెను. 1978లో అది 18 ఏండ్లకు పెరిగెను. 2006లో మరింత గట్టి చట్టము వచ్చెను. అయినను పైన చెప్పిన 2019-21 సర్వేలో, మన రాష్ట్రమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 29 మందికి 18 ఏండ్లు నిండకయే వివాహమైనదని తేలెను. సంప్రదాయమని వాదించువారికి సుశ్రుతుని మాటయే చూపెదను. పదునారేండ్లు నిండని బాలికకు గర్భము నిలిచినచో ఆ గర్భము కడుపులోనే చెడుననియు, పుట్టినను శిశువు దుర్బలమగుననియు ఆయన యేనాడో హెచ్చరించెను. కాబట్టి పెండ్లి పెండ్లియే గాని మందు కాదు.

మరికొన్ని దురాచారములను గూడ చెప్పవలెను. ఇంట వ్రతమనియో, పెండ్లియనియో, తీర్థయాత్రయనియో దుకాణములో మాత్రలు కొని తెచ్చి పిల్ల నెలసరిని వెనుకకు నెట్టుచున్నారు. ఆ మాత్రలు శరీరములోని రసముల నడకను మార్చునవి. వైద్యుని యడుగక, మాటిమాటికి మ్రింగించుట తగదు. ‘లావుపాటి’ యనియు, ‘పుల్ల’ యనియు పిల్లను నలుగురిలో వెక్కిరించుట మరియొక దురాచారము. వెక్కిరింతచేత ఏ పిల్లయు తగ్గదు, పెరుగదు. దాచుకొని తినుటయో, దాచుకొని మానుటయో నేర్చును.

తిండి విషయమున మనము బయటివారి నడుగవలసిన పని లేదు. పిల్ల వ్యక్తురాలైన దినములలో మన ఇండ్ల ఆచారమేమి? నువ్వులు, బెల్లము దంచి చిమ్మిలి పెట్టుదురు. మినుములు వేయించి విసరి, బెల్లము, నేయి కలిపి సున్నియుండలు చేయుదురు. ఇరుగుపొరుగులు తెచ్చి ఒడిలో పోయుదురు. ఎంత చక్కని ఆచారము! రక్తము పోవు వయస్సునకు ఇనుము, సున్నము, మాంసకృత్తులు గల తిండిని మన పూర్వస్త్రీలు అమర్చిరి. అయితే ఆ తిండి పదునొకండు దినములతో ముగియుట యేల? రక్తము ఆ నెల మాత్రమే పోవునా? మేనమామ తెచ్చు పట్టుచీరకు, పందిరికి, విందుకు వ్యయము చేయు రొక్కములో నాలవవంతు తీసి, ఏడాది పొడుగున ఆ పిల్లకు గ్రుడ్డు, పాలు, పప్పు సమకూర్చినచో అది నిజమైన సమర్త యగును.

మన డెల్టాలో వరి కోసిన చేలలోనే మినుము, పెసర చల్లుదుము. ఆ మినుములు బస్తాలకెత్తి బజారునకు పోవును. పండించినవాని కూతురి కంచములో తెల్లని అన్నము, చారు, పచ్చడి మిగులును. బస్తాలో నుండి ఇంటికి కావలసినది ముందు తీసియుంచవలెను. దినమునకొక పూటయైనను గట్టిపప్పు, వారమునకు నాలుగుమార్లు తోటకూరయో మునగాకో, తినువారికి గ్రుడ్డు, నిజాంపట్నము రేవు నుండి వచ్చు చిన్నచేపలు, ప్రొద్దుట రాగిసంకటియో జావయో ఉండవలెను. భోజనములో నిమ్మరసమో, ఉసిరికాయయో, పిదప జామపండో చేర్చినచో తిన్న ఇనుము చక్కగా వంటబట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగినచో ఆ ఇనుము చాలవరకు వ్యర్థమగును. ఈ తిండి బక్కపిల్లకును, బొద్దుపిల్లకును ఒక్కటియే. బక్కపిల్లకు అన్నము, నేయి, వేరుసెనగ, బెల్లము హెచ్చింపవలెను. బొద్దుపిల్లకు తీపిపానీయములు, నూనెలో వేగిన చిరుతిండ్లు తగ్గించి, అన్నము కొంత తగ్గించి కూర హెచ్చింపవలెను. పిల్లలందరికిని దినమునకొక గంట ఆటయో, నడకయో, సైకిలో అవసరము. మగపిల్లవాడు బంతియాటకు పోవునప్పుడు ఆడపిల్లను అంట్లకడ కూర్చుండబెట్టుటయే కాలక్రమమున ఆమె భారమునకు నొక కారణమగుచున్నది.

పాఠశాలలలోను, అంగనవాడులలోను ఆడపిల్లలకు వారమునకొక నీలిరంగు మాత్ర యిచ్చుచున్నారు. అందు ఇనుమును, ఫోలికామ్లమును కలవు. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో మిల్లుకూలీలైన గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, అది కుదుర్చు గుణమొకటి ఈస్టులో నున్నదని గుర్తించెను. ఆ గుణమే ఫోలికామ్లమని తరువాత తేలినది. 1940వ దశకములో దానిని కృత్రిమముగా తయారుచేసిన అమెరికా పరిశోధకబృందమునకు నాయకుడెవరో తెలియునా? 1895లో భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువాని మేధస్సునుండి వెలువడిన మందును తెలుగుపిల్లలు కాల్వలో పారవేయుచున్నారు! మలము నల్లబడుననియో, కడుపులో వికారమనియో భయపడుచున్నారు. నల్లబడుట దోషము కాదు. వికారము కలుగకుండుటకు భోజనానంతరము మ్రింగవలెను. ఆరునెలలకొకమారు ఇచ్చు నులిపురుగుల మాత్రయు అట్లే మ్రింగింపవలెను. పురుగు తినిన పిదప పిల్లకు మిగులునదేమి?

గ్రామపెద్దలారా! మిమ్ము నేను కోరునవి పెద్దపనులు కావు. మూడు నెలలకొకమారు మన పిల్లల బరువును, పొడవును కొలిపించుడు. ఆరోగ్య ఉపకేంద్రమునందు త్రాసు కలదు. ఆ వయస్సునకు ఆ కొలత తగునో తగదో అచ్చటి పట్టికను చూచి చెప్పగలరు. మిరపబస్తాను మూడుమార్లు తూచు మనము పిల్లను ఏడాదికొకమారైనను తూచకుండుట వింత కాదా? రెండవది, నెలసరి వచ్చిన తేదీని గోడక్యాలెండరు మీద చిన్న చుక్క పెట్టి గుర్తుంచుకొనుమని తల్లి కూతురికి నేర్పవలెను. వైద్యురాలు మొదట అడుగు ప్రశ్న అదియే. ఆరునెలల చుక్కలు చూపిన చాలును, సగము పరీక్ష అయినట్లే. మూడవది, నేను పైన చెప్పిన లెక్కలలో నేది తప్పినను భూతవైద్యుని కడకును, పెండ్లిపేరయ్య కడకును పోక, ముందు ఆసుపత్రికి పోవలెను. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడింటను ప్రభుత్వాసుపత్రులున్నవి. దారియెరుగనివారికి ఆశా కార్యకర్త తోడుగా వచ్చును.

తండ్రులకు ప్రత్యేకముగా నొక మాట. ఈ విషయమున మీరు కూతురితో మాటలాడనక్కరలేదు. ఆమె తల్లి మీతో మాటలాడుటకు వెరవకుండునట్లు చేసిన చాలును. ‘అమ్మాయిని ఆసుపత్రికి తీసికొనిపోవలెను’ అని ఆమె యన్నప్పుడు ‘ఎందుకు?’ అని గద్దింపక, బండి సిద్ధము చేయుడు. ఆ మాట చెప్పుటకు ఆమె యెన్ని దినములు సంకోచించినదో మీరెరుగరు.